అరవై ఒకటో నంబరు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే అలవాటుంది. కూరలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే మంజీర నది నీళ్లన్నీ తాగినా దాహం తీరలేదని చెప్పే మనిషిని. కాబట్టి కింద రాసిన దాంట్లోంచి చారెడు తీసేసి చదువుకోండి. దయ్యాల మీద మాత్రం నాకు ఏనాడూ నమ్మకం లేదు. కంప్యూటర్లు బాగుచేసేవాడికి వేరే దయ్యాలెందుకు? మా దయ్యాలన్నీ అప్‌డేట్ల రూపంలోనే వస్తాయి.

నారాయణఖేడ్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు సర్వర్ చూసిపెడుతుంటాను. ఉన్నది ఒకే ఒక్క సర్వర్. మెట్ల కింద ఇనుప బీరువాలో ఉంటుంది. ఎండాకాలంలో దాని మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. అందులో ఐదు కంటైనర్లు, అంటే ఒక్కో పనికి విడిగా మూటగట్టిన ప్రోగ్రాములు, నడుస్తుంటాయి. నేను డబ్బాలంటాను. మందుల షాపుకో డబ్బా, రక్తపరీక్షలకో డబ్బా, టోకెన్లకో డబ్బా, ఇట్లా. వీటన్నిటినీ కలిపి క్లస్టర్ అంటారు. ఒక్క మిషినే ఉన్నా క్లస్టరే, ఒంటిగాడి రేషన్ కార్డు మీద కూడా ‘కుటుంబం’ అని రాసినట్టు.

పట్నంలో అయితే ఒక సర్వర్‌కు అప్‌డేట్ వేసేటప్పుడు డబ్బాలను పక్క సర్వర్‌లోకి మారుస్తారు. మాకు పక్కది లేదు. ఒంటిగది ఇంటికి సున్నం వేయడం లాంటిది మా పని. సామాను ఎక్కడ పెట్టాలి, మనుషులు ఎక్కడ కూర్చోవాలి? పైగా, ఏ డబ్బా ఎప్పుడూ ఆగకూడదని నేనే ఒక నియమం రాసిపెట్టాను. అప్‌డేట్ వచ్చి ‘ఖాళీ చెయ్’ అంటుంది. నా నియమం ‘చెయ్యను’ అంటుంది. రెండూ మొండికేసి కూర్చుంటాయి. చివరికి నియమం తీసేసి, పది నిమిషాలు అన్నీ ఆపి, దండం పెట్టుకుని మళ్లీ లేపడం తప్ప దారి లేదు.

ఐదో డబ్బా రత్నమ్మది.

రత్నమ్మ ఆ దవాఖానలో ఏళ్ల తరబడి పేషెంట్లను పేరుపేరునా పిలిచిన మనిషి. టోకెన్లు పెట్టిన కొత్తలో మిషిను గొంతుతో పిలిపిస్తే ఒక్కరూ లేవలేదు. టీవీలో ఎవరో మాట్లాడుతున్నారనుకున్నారు. అప్పుడు ఆమే కూర్చుని ఒకటి నుంచి అరవై దాకా అంకెలు రికార్డు చేయించింది. ప్రతి అంకె తర్వాత “లోపలికి రా” అని తెలుగులో ఒకసారి, కర్ణాటక సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద వైపు వాళ్ల కోసం “ఒళగ బా” అని కన్నడంలో ఒకసారి. డాక్టర్ రోజుకు అరవై మందినే చూస్తాడు కాబట్టి అక్కడితో ఆపేశాం. పక్కన కూర్చుని రికార్డు చేసింది నేనే, ఆ గొంతును ఐదో డబ్బాలో పెట్టిందీ నేనే.

రత్నమ్మ పోయి రెండేళ్లవుతోంది. ఆమె భర్త సామేలు ప్రతి సోమవారం వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంటాడు. జబ్బేమీ లేదు. అరవై దాకా విని ఇంటికి పోతాడు.

అప్‌డేట్ ఆదివారం చేయాల్సింది. నేను దావత్‌కు పోయాను. సోమవారం పదకొండింటికి, ఇరవై మూడో టోకెన్ నడుస్తుండగా మొదలుపెట్టాను. నియమం తీసేశాను. నాలుగు డబ్బాలు బుద్ధిగా ఖాళీ అయ్యాయి. రత్నమ్మ డబ్బా మాత్రం ‘ఖాళీ అవుతోంది’ అన్న మాట దగ్గరే నిలిచిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నా తప్పు. ఆమె రికార్డులను డబ్బా బయట దాచాలి. నేను డబ్బాలోనే పెట్టాను. కొత్త డబ్బా వస్తే పాతది లోపలున్న వాటితో సహా పోతుంది. కాపీ ఉందిలే అని పెన్‌డ్రైవ్ తీసి చూస్తే మా బావమరిది పెళ్లి బరాత్ వీడియో ఉంది. డబ్బాలోకి దూరి తెచ్చుకుందామంటే సగం మూసుకున్నది తలుపు తీయలేదు. నా చెమటతో రెండెకరాల కంది చేను పారించొచ్చు.

“ఏంది సార్, గా బీరువల తలకాయ వెట్టి పండుకున్నవా? ఇరవై నాలుగు ఎప్పుడు పిలుస్తరు?” అని కల్హేర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అరిచింది.

సామేలు మెల్లగా నా దగ్గరికి వచ్చాడు. “ఏమైంది తమ్మీ? మా ఆమె గొంతు పడ్డదా?”

“జర జలుబు చేసిందన్నా,” అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

“జల్ది నయం చెయ్యి మరి. నేను గీడనే కూసుంటా.”

లోపల డాక్టర్ రక్తపరీక్షల కోసం ఎదురు చూస్తున్నాడు. ఇంకెంతసేపు ఆపగలను? రత్నమ్మకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని సర్వర్ ఆపేశాను. దీపాలు ఆరిపోయాయి, ఫ్యాన్ చప్పుడు ఆగింది. ప్లగ్గు కూడా పీకి చేతిలో పట్టుకున్నాను.

అప్పుడు గోడ మీది స్పీకర్ పలికింది.

“అరవై ఒకటి. లోపలికి రా.”

రత్నమ్మ గొంతే. ‘రా’ దగ్గర కాస్త సాగదీసే ఆమె పద్ధతే. కన్నడం పిలుపు రాలేదు. రెండు వందల మంది విన్నారు. సరే, పదకొండు మంది. ముసలమ్మ తన చీటీ చూసుకుని “నాది గాదు” అంది. సామేలు లేచి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్లాడు. రత్నమ్మ కూర్చునే కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి బయటికి వచ్చాడు. పెళ్లికొడుకు మొహం కూడా అంత వెలగదు.

సర్వర్ మళ్లీ లేపాను. కొత్త డబ్బాకు బదులు పాతదే లేచింది. అందులో అరవై అంకెలూ భద్రంగా ఉన్నాయి. పాత డబ్బా చెరిగిపోయేలోపే మిషిను ఆగింది కాబోలు, దానికి నేనేదో ఒక కారణం చెప్పగలను. అరవై ఒకటికి చెప్పలేను. ప్రతి ఫైలూ విప్పి విన్నాను. అది ఎక్కడా లేదు. స్పీకర్ వైరు పోయేది ఆ ఒక్క సర్వర్‌లోకే. ఇప్పుడు ఆమె గొంతుకు ఏడు కాపీలున్నాయి, ఒకటి మా ఇంటి బియ్యం డబ్బాలో.

ఆ అరవై ఒకటి ఏమిటని సామేలును అడిగాను.

“రోజు అన్నం గిన్నె పట్టుకొని వస్తుంటి తమ్మీ. అరవై మంది అయినంకనే నన్ను పిలుస్తుండె. నా అరవై ఒకటో పేషెంటు వచ్చిండు అని నవ్వుతుండె,” అన్నాడు.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. పిలుపు కల్పన కాదు. ప్లగ్గు నా చేతిలో ఉండడమూ కల్పన కాదు. అన్నం గిన్నె మాట నేనల్లింది. కారణం తెలియకపోతే ఆ అంకె నన్ను వదిలేలా లేదు, అందుకని ఒకటి కుట్టి తగిలించాను. నిజానికి సామేలు చెప్పులు వేసుకుంటూ నా వైపు ఒక్కసారి చూసి ఇంతే అన్నాడు:

“గా అంకె మా ఇంటి ముచ్చట తమ్మీ. నీకెందుకు?”