దవడలో దొరికిన లవంగం

ఒట్టేసి చెబుతున్నాను, ఆ లవంగం నాది కాదు. మా సార్ నమ్మరు. మీరైనా నమ్మండి.

అప్పటికి వారం రోజులుగా ఎడమ పక్క పన్ను సలుపుతోంది. పళ్ల డాక్టరంటే నాకు చచ్చేంత భయం. బుగ్గన లవంగం పెట్టుకుని, కుడి పక్కనే నములుతూ నెట్టుకొస్తున్నాను. నా ఉద్యోగమేమో పాతకాలపు మనుషుల పళ్ల మీది గార గీకి, వాళ్లేం తిన్నారో, ఏ జబ్బుతో బాధపడ్డారో కనిపెట్టడం. నవ్వకండి.

ఆ రోజు చేతికొచ్చింది కార్వాన్ బస్తీలో పాత ఇంటి పునాది తవ్వితే దొరికిన దవడ. ఒకే ఒక్కటి. దాని మీద నా ఎంగిలి పడిందా... ఏడాదిగా ఎదురుచూసిన పని గంగలో కలిసినట్టే. అందుకే ఆ రాత్రి ల్యాబ్ గుమ్మం దగ్గరే లవంగం చెత్తబుట్టలో ఊసి, నోరు పుక్కిలించి, మాస్కు కట్టుకుని లోపలికెళ్లాను. వాచ్‌మన్ రజాక్ భాయ్ చూశాడు కూడా.

దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపాను. కిటికీలు మూశాను. గాలిలోంచి ఏం రాలినా తెలిసేలా పక్కన ఖాళీ గాజు పళ్లెం పెట్టాను. ఇక... గీకడం. గర్... గర్...

నమలని పక్కన పేరుకున్నట్టు ఎడమ పక్క గార మందంగా ఉంది. ఆ పన్ను కింద ఎముకకు రంధ్రం, చీము పట్టిన గుర్తు. పాపం, ఈయనా నాలాగే కుడి పక్కనే నమిలాడన్నమాట.

అప్పుడు... లవంగం వాసన. ఘాటుగా.

గీకడం ఆపాను. చప్పుడు ఆగలేదు. కటుక్... కటుక్... ఎవరో తీరిగ్గా నములుతున్నారు. నా వెనక... కుడి పక్కన.

ఆ గదిలో మాట్లాడకూడదు. అయినా నోరాగలేదు.

"జర ఓపిక పట్టు బాపూ... అయిపోవచ్చింది."

చప్పుడు ఆగిపోయింది.

పొడిని మైక్రోస్కోపు కింద పెట్టాను. పొయ్యి మసి. జొన్నపిండి రేణువులు. ఒక లవంగం తునక! ఖాళీ పళ్లెంలో ఏమీ లేదు. గంతేయబోయి ఆగాను. ఈ తునక ఆయనదా, నాదా? సార్ మొదట అడిగేది అదే. నేను నోరు తెరిచాను కదా.

నా లవంగం విరగకుండా ఉందో లేదో చూద్దామని బుట్ట దగ్గరికి పరుగెత్తాను. ఉంది, మొగ్గతో సహా. దాని పక్కన ఇంకోటి ఉంది. నమిలి నమిలి పిప్పి చేసింది.

రజాక్ భాయ్‌ని నిలదీశాను. ఆయన నోరు తెరిచి చిగుళ్లు చూపించాడు.

"నమలనీకి నాకాడ పళ్లెక్కడియి మేడమ్? సాయంత్రమే బుట్ట ఖాళీ చేసిన. మీరు తప్ప ఇంకెవ్వరు రాలే."

తెల్లారగానే పళ్ల డాక్టరు దగ్గరికెళ్లాను. నా నొప్పి తగ్గింది. ఆ తునక నాది కాదు సరే, ఎవరిదని రిపోర్టులో రాయాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు.