గంగులప్ప గీసిన సున్నపు గీత

పుంగనూరు దగ్గరి పల్లెలో గంగులప్ప పెంచిన పట్టుగూళ్లకు మదనపల్లె మార్కెట్టులో మంచి పేరుండేది. కారణం అతని కాఠిన్యం. ఒళ్లు ఉబ్బి, పాలలాంటి ద్రవం కార్చే పురుగు ఒక్కటి కనిపించినా తట్టలోంచి ఏరి సున్నంలో పూడ్చేవాడు. అది వైరస్ రోగమనీ, దానికి మందు లేదనీ పట్టుపరిశ్రమ అధికారి నేర్పిన పాఠం. షెడ్డులోకి వచ్చేవారెవరైనా బ్లీచింగ్ పౌడరు నీళ్లలో కాళ్లు ముంచవలసిందే. ఆ అధికారికీ మినహాయింపు దొరకలేదు.

2003లో గంగులప్ప మెడ కింద గడ్డలు లేచాయి. కుప్పంలో డాక్టర్ సుప్రియ పరీక్షలు చేయించి, ఇది లింఫు గ్రంథుల క్యాన్సరనీ, వరుస తప్పకుండా ఇంజెక్షన్లు వేయించుకుంటే నయమయ్యే అవకాశం బాగా ఉందనీ చెప్పింది. ఎప్పుడో సోకిన వైరస్ ఆనవాళ్లు ఆ గడ్డలో ఉన్నాయని కూడా అంది. గంగులప్ప మనసుకెక్కింది ఆ చివరి మాటే.

మొదటి ఇంజెక్షను వేయించుకుని ఇల్లు చేరగానే ఖాళీగా ఉన్న పురుగుల షెడ్డులో మంచం వేసుకుని, చుట్టూ సున్నంతో గీత గీశాడు. భార్య బుజ్జమ్మ అన్నం పళ్లేన్ని వెదురుకర్రతో లోపలికి తోయాలి. పలకరించవచ్చిన వాళ్లు కాళ్లు ముంచాలి. దారితప్పి వచ్చిన మేకకు నాలుగు కాళ్లూ ముంచి పంపాడు. నియమంలో పక్షపాతం లేదు. రెండో ఇంజెక్షను నాడు మాత్రం బస్సెక్కనని భీష్మించాడు.

"బస్సు నిండా జనముంటారు. చెడిన పురుగును మంచి తట్టలో యాల ఎయ్యల్ల?"

బుజ్జమ్మ ఒక్కతే కుప్పం వెళ్లింది. సాయంత్రం తిరిగివచ్చి, కాళ్లు ముంచకుండానే గీత దాటి మంచం మీద కూర్చుంది.

"యోవ్, ఆ వైరస్ సిన్నప్పుడే శానామందికి వస్తాదంట. వచ్చి లోపల్నే పండుకోనుంటాదంట. నాకూ ఉండొచ్చంట. డాక్టరమ్మ తనకీ ఉండొచ్చనింది."

గంగులప్ప అదిరిపడి లేచాడు. "అయితే తట్టంతా చెడిందా?"

"చెడలేదు. యాడో ఒకరికి, ఇంకేమేమో కలిస్తేనే ఈ రోగమంట. అదొక్కటే కారణమని ఆయమ్మ కూడా చెప్పలేనంటాది. నీ గడ్డ ఇంకోరికి అంటుకోదు. పురుగుకు మందు లేదు, నీకుండాది. ఏరి పారేసేదానికి నువ్వేమన్నా పురుగువా? రేపే రమ్మనింది."

గంగులప్ప గీతవైపు చూశాడు. నియమం తప్పు కాదు. తాను పట్టుపురుగు కాడన్న సంగతే అతని లెక్కలోకి రాలేదు.

మర్నాడు కుప్పం బస్సులో ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చుని, చుట్టూ కలయజూశాడు.

"వీళ్లందరికీ ఉండాదా?"

"శానామందికి."

"ఒక్కరికీ తెలీదు కదే, పాపం!"

అతని సంచిలోంచి రాలుతున్న తెల్లపొడిని కండక్టరు చూశాడు. "ఏందప్పా అది?"

"సున్నం. మీకోసరమే తెస్తిని," అన్నాడు గంగులప్ప, కొంచెం చిన్నబుచ్చుకుంటూ. "అక్కర్లేదంట. కుప్పానికి రెండు టికెట్లియ్యి."