కడుపులో కట్టేసిన బర్రె

"అమ్మవారు కాదక్కా, అది కోడికూర. ఒక్క ముక్క. గింతంత." మహేశ్వరి చూపుడువేలి కొసను బొటనవేలితో నొక్కి పట్టి చూపించింది. "గా ముక్క అడ్డం పడ్డది, నాకు మాట రాలే. మాట రాకపోయేసరికి మా బావ అమ్మవారే వచ్చిందనుకున్నడు. నువ్వు గూడ గదే నమ్మి వచ్చినవా?"

నమ్మే వచ్చాను. మాది చొప్పదండి అవతల చిన్న పల్లె. మా ఊళ్లో హనుమండ్లు అనే రైతు ఈ ఎండాకాలం బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. అంతకుముందు వేసినవన్నీ దుమ్ము పోసి ఊరుకున్నాయి. ఈసారి దిక్కు చూపింది తన తమ్ముని భార్య అనీ, సమ్మక్క జాతరలో ఆమె మీదికి అమ్మవారు వచ్చి చెయ్యి చాచి చూపించిందనీ ఆయన కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఎవరైనా తమ సంగతి తాము చెప్పుకుంటుంటే ఎంతసేపైనా కూర్చుని వినడం నాకు అలవాటు. ఈమె సంగతి ఏమిటో ఆమె నోటనే విందామని బస్సెక్కి గోదావరిఖని వచ్చాను. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో రెండో అంతస్తు. తలుపు తీసే ఉంది. మొదటి మాటకే అమ్మవారు కాస్తా కోడికూర అయిపోయింది.

మహేశ్వరి చేతులు మాత్రం ఆగలేదు. నేల మీద పరిచిన తెల్ల బట్ట చుట్టూ గొంతుక్కూర్చుని జరుగుతూ సకినాలు చుడుతోంది. బియ్యప్పిండి వేళ్ల మధ్య నుంచి సన్నగా మెలిక తిరుగుతూ దిగుతోంది, చుట్టు పక్కన చుట్టు. పెద్దపల్లిలో ఎవరింట్లోనో పెళ్లి, ఆడపిల్లతో పంపే సారెకట. నన్ను గోడకు ఆనుకుని కూర్చోమంది. అత్త పోచవ్వ చాయ తెచ్చి నా చేతిలో పెట్టి, తాను గడపలో కూర్చుంది. వినేవాళ్లు దొరికితే లేచే మనిషి కాదామె.

తన కథంతా ఇట్లా కూర్చోగలగడం గురించేనని మహేశ్వరి చెప్పింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ సకినాలే ఆమె పని. తర్వాత ఒళ్లు పెరిగింది. ఎట్లా పెరిగిందో తనకూ తెలియదట, కాన్పుల తర్వాత కొంత, థైరాయిడ్ తో కొంత, మిగిలింది తిండితో. మెట్లు ఎక్కేటప్పుడు సగంలో నిలబడి, కింది ఇంటివాళ్లతో అవసరం లేని ముచ్చట పెట్టేది, ఆయాసం తెలియకుండా. కాలివేళ్లకు మెట్టెలు అత్త తొడగాల్సి వచ్చేది. అన్నీ ఓర్చుకుంది కానీ గొంతుక్కూర్చోవడం పోయినప్పుడు మాత్రం ఏడ్చింది. కుర్చీలో కూర్చుని బల్ల మీద చుట్టి చూసింది. ఆ సకినాలను తానే తీసుకెళ్లి ఆవుకు పెట్టి వచ్చింది.

"ఆవు గూడ ఆలోచన చేసుకుంట తిన్నది" అంది పోచవ్వ.

అప్పుడు హైదరాబాద్ లో ఆపరేషన్. కడుపు కోసి తీసేసేది కాదు, కడుపు పైభాగానికి మెత్తని పట్టీ ఒకటి చుట్టి పెట్టేది. పట్టీ నుంచి సన్నని గొట్టం, ఆ గొట్టం చివర చర్మం కింద చిన్న బిళ్ల. బిళ్లలోకి సూదితో ఉప్పునీళ్లు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, కొంచెం తింటేనే కడుపు నిండుతుంది. నీళ్లు తీస్తే వదులవుతుంది. పోచవ్వ మొదట ఒప్పుకోలేదు. కడుపుకు దారం కట్టుకునే ఆడదాన్ని తానెక్కడా చూడలేదంది. కొడుకు కొమురెల్లి బాయిలో డ్యూటీ దిగి వచ్చి, రోజూ తల్లికి నచ్చజెప్పి, అలిసిపోయి, చివరికి ఒకరోజు కోడలినే మెట్లెక్కి చూపించమన్నాడట. అది చూశాక ఆమె ఒప్పుకుంది.

"ఆపరేషన్ అయితే అయిపోతదనుకున్నమక్కా" అంది మహేశ్వరి. "కాదు. ఇది బర్రెను కొన్నట్టు. కొన్న పైసలు ఒక్కనాడే పోతయి. గడ్డికి, తవుడుకు రోజూ పోతయి."

అప్పటి నుంచి ఆ పట్టీకి ఇంట్లో బర్రె అనే పేరు. బర్రెకు గడ్డి అంటే హైదరాబాద్ పోయి బిగింపు చూపించుకోవడం. తవుడు అంటే రోజూ వేసుకునే విటమిన్ గోళీలు, పాలలో కలుపుకునే పొడి. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు, ఒక రోజు పని పోవడం, తోడు వచ్చేవాళ్ల చార్జీలు, ఇవన్నీ దాని మేతే. సన్నబడుతుంటే జాకెట్లు కుట్టు విప్పి మళ్లీ కుట్టించాలి, అదీ బర్రె ఖాతాలోనే. సకినాల మీద వచ్చే దాంట్లోంచి దాని వాటా ముందే డబ్బాలో వేసి మూత పెడుతుంది.

పైసలతో పోనిది ఇంకా ఉంది. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు. ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలాలి. ఇంట్లో అందరూ తిని చెయ్యి కడిగి టీవీ ముందు కూర్చున్నా ఈమె నములుతూనే ఉంటుంది. సకినాలు ఇవ్వడానికి పెళ్లి ఇళ్లకు పోతే ఇంకా కష్టం. మన దగ్గర పెట్టేవాళ్ల చెయ్యి ఆగదు, వద్దన్న వాళ్ల మీద అలుగుతారు కూడా. అందుకని సంచిలో చిన్న స్టీలు గిన్నె పెట్టుకుని పోతుంది. పెట్టండి కానీ ఇందులో పట్టినంతే, అంటుంది. అట్లా చాలా ఇళ్లు గెలిచింది.

ఓడింది ఒక్క సకినం దగ్గర. పట్టీ అన్నం ముద్దను ఆపుతుంది, మాంసం ముక్కను ఆపుతుంది. కరకరలాడే సకినం నోట్లోనే నలిగిపోయి, ఎవరికీ చెప్పకుండా కిందికి జారిపోతుంది. రుచి చూసే పని ఆమెదే. ఉప్పు చూడాలి, వాము చూడాలి, వేగిందో లేదో చూడాలి.

"ఉప్పు సరిపోయిందని తెలిసినంక గూడ చూస్తుండె" అంది పోచవ్వ నాతో.

పట్టీ వేసుకుని చాన్నాళ్లయినా ఆమెకు బరువు చూసుకోవడమంటే భయమే. ఆ భయం బయటపడేది జాతరలో. ఆపరేషన్ గదిలోకి కోడలు పోతుంటే పోచవ్వ మొక్కుకుంది, మంచిగ బయటికి వస్తే మూడు జాతరలు నిలువెత్తు బంగారం ఇస్తానని. సమ్మక్కకు బంగారమంటే బెల్లమే. మనిషిని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో బెల్లం వేసి, సరితూగినంత తల్లికి ఇస్తారు. జాతర రెండేళ్లకు ఒకసారి. గోదారి ఒడ్డున అమ్మవారి గద్దెల దగ్గర సాంబయ్య అనే వ్యాపారి బెల్లం దుకాణం పెడతాడు, తక్కెడ కూడా ఆయనదే. చుట్టాలందరి ముందు కూర్చోవాలి.

మొదటి జాతరకు మహేశ్వరి బాగా తగ్గింది. అప్పుడు పోచవ్వకు సందేహం వచ్చింది. మొక్కిన నాటి బరువెంత, ఇప్పటి బరువెంత, తల్లికి తక్కువ పెట్టినట్టు కాదా అని. దుకాణం ముందు పెద్ద చర్చ అయ్యింది. పోయిన బరువు తీసుకుపోయింది కూడా ఆ తల్లే కదా, తీసుకున్నదానికి మళ్లీ పెడతామా అని కొమురెల్లి అడిగాడు. పోచవ్వ ఆలోచించి సరే అంది, అన్నాక కూడా రెండు బెల్లం ముద్దలు పైన వేసింది.

రెండో జాతరకు బెల్లం పెరిగింది. సకినాల పుణ్యం. అదీ కాక, అంతా బాగానే ఉంది కదా అని హైదరాబాద్ పోవడం మానేసింది. ఈసారి తల్లికి గట్టిగ ముట్టింది అన్నాడు సాంబయ్య. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, చుట్టాలు నవ్వారు, మహేశ్వరి కూడా నవ్వింది. ఇంటికి వచ్చి మెట్టెలు తొడుక్కోబోతే మళ్లీ కొంచెం కష్టమైంది. అప్పుడు నవ్వు పోయింది.

మొన్నటిది మూడో జాతర. ఈసారి తక్కెడ ముందు తల ఎత్తుకుని కూర్చోవాలని పట్టుబట్టింది. హైదరాబాద్ పోవడం మళ్లీ మొదలుపెట్టి కొంత తగ్గింది. అది చాలక, జాతరకు ఇంకో రెండు మూడు రోజులుందనగా పోయి పట్టీ ఇంకా బిగించమంది. డాక్టరు కొద్దిగా నీళ్లు ఎక్కించి, కొన్ని రోజులు గంజి, చారు లాంటివే తాగాలి, తర్వాత మెత్తటివి, మాంసం జోలికి ఇప్పుడే పోవద్దు అని చెప్పాడు. జాతర సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు.

తక్కెడలో గెలిచింది. బెల్లం తగ్గింది. సాంబయ్య ఎక్కువైన ముద్దలు వెనక్కి తీస్తుంటే ఆమెకు కడుపు నిండినంత సంతోషం. గద్దెలకు మొక్కి వచ్చి, అందరిలాగే ఇసుకలో గుడారం వేసుకుని కోడిని కోసి వండారు. పోచవ్వ నీళ్లకు, కొమురెల్లి కట్టెలకు పోయారు. ఎవరో పళ్లెం చేతిలో పెట్టారు. సంచిలో స్టీలు గిన్నె ఉంది, కానీ ఆ సంబురంలో దాని సంగతే గుర్తు రాలేదు. మాటల్లో పడి ఒక ముక్కను సరిగ్గా నమలకుండానే మింగింది.

ముక్క పట్టీ దగ్గర ఆగిపోయింది. రొమ్ము మధ్య రాయి పెట్టినట్టు నొప్పి. మాట రావడం లేదు, ఊపిరి మాత్రం ఆడుతోంది. నోట్లో ఊరే నీళ్లు కూడా దిగక బయటికే వస్తున్నాయి. లేచి నిలబడి అటూ ఇటూ ఊగింది. తల అడ్డంగా ఆడించింది. జుట్టు ముడి ఊడిపోయింది. జాతరలో ఒక ఆడమనిషి అట్లా ఊగితే ఎవరైనా ఏమనుకుంటారు? ఎవరో పసుపు తెచ్చి మొహానికి రాశారు, ఎవరో వేపకొమ్మ చేతికిచ్చారు. హనుమండ్లు వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

"తల్లీ, నా బోరు ఏ దిక్కున ఎయ్యాలె?" అని అడిగాడు.

ఆమె గుడారం పక్కకు చెయ్యి చాచి చూపించింది, గట్టిగా, మళ్లీ మళ్లీ. అటు పోయి ఉమ్ముకుంటాను, దారి ఇవ్వండి అని దాని అర్థం. అది తూర్పు దిక్కు అయింది. హనుమండ్లు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఇంతలో ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చి నోట్లో పోయబోయింది. అదే ప్రమాదం. కింద దారి మూసుకుంటే పైన పోసిన నీళ్లు ఎటు పోతాయి? అప్పుడే పోచవ్వ వచ్చింది. వచ్చి చెంబు మీద ఒక్కటి కొట్టింది.

"జరుగుండ్రి" అందట. "గది అమ్మవారు కాదు. నీళ్లు పోస్తే నా కోడలు సస్తది."

కోడలిని గుడారం వెనక్కి నడిపించుకుపోయి, వంచి, వీపు రాస్తూ నిలబడింది. కొంతసేపటికి ముక్క పైకి వచ్చేసింది. కడుపుకు దారం కట్టొద్దన్న అత్త ప్రతిసారీ కోడలితో హైదరాబాద్ పోయి, డాక్టరు గది బయట కూర్చున్న ఆడవాళ్లందరి ముచ్చట్లూ విని వస్తుంది. ఆ సంగతి అక్కడెవరికీ తెలియదు. అమ్మవారు శాంతించి వెళ్లిపోయిందని హనుమండ్లు కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు తొలి బస్సుకు హైదరాబాద్. డాక్టరు సూదితో నీళ్లన్నీ తీసేశాక చాయ గుటక కిందికి దిగింది. అంత రుచిగల చాయ మళ్లీ తాగలేదంది మహేశ్వరి. కానీ ఎక్స్‌రేలో పట్టీ కొద్దిగా జరిగినట్టు కనిపించింది. డాక్టరు కోప్పడలేదు, అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది. కొన్నాళ్లు ఖాళీగా ఉంచి చూద్దాం, కుదురుకుంటే మళ్లీ మెల్లగా బిగిద్దాం, ఇట్లా ఇంకోసారి అడ్డం పడితే మాత్రం తీసెయ్యాల్సిందే అన్నాడు. ఆ చూసే రోజు వచ్చే గురువారమే.

"సకినం జోలికి పోలేదక్కా అప్పటి సంది" అంది. "రుచి మా అత్త చూస్తున్నది."

"నా పళ్లకు సకినాలా?" అంది పోచవ్వ. "చాయల నానబెట్టి చూస్తున్న. ఉప్పు తెలుస్తలేదు. చక్కెర తెలుస్తున్నది."

ఇదంతా ఒక ఎత్తు, హనుమండ్లు ఒక ఎత్తు. ఆయన పొలంలో తూర్పు మూల బోరు వేశాడు, నీళ్లు ఎగిసి వచ్చాయి. వచ్చే బుధవారం ఊళ్లో దావత్ పెట్టుకున్నాడు. మేకపోతును కొన్నాడు. మహేశ్వరిని పీట మీద కూర్చోబెట్టి మొదటి ముద్ద ఆమెకే పెట్టాలని, వాడవాడకూ చెప్పి వచ్చాడు. మరునాడే హైదరాబాద్. పీట మీద కూర్చున్నాక వాడకొక ముద్ద తినకుండా లేవనిస్తారా?

కొమురెల్లి ఫోన్ చేసి అన్నకు చెప్పబోయాడు. అమ్మవారి సంగతి నీకేం ఎరుక అని అన్న ఫోన్ పెట్టేశాడు. మహేశ్వరి చెబుదామంటే, పెళ్లయిన నాటి నుంచీ బావ ముందు ఆమె నోరు తెరిచింది లేదు, ఆయన వస్తే కొంగు సవరించుకుని లోపలికి పోవడమే. జాతరలో ఆయన ఎదురుగా నిలబడింది అదే మొదటిసారి, అప్పుడూ మాట లేదు.

పోచవ్వకేమో చెప్పడం ఇష్టం లేదు. "నీళ్లు పడ్డయి గద. వాని నమ్మకం వానికి ఉండనియ్యి పిల్లా."

మహేశ్వరి చివరి సకినం చుట్టి, చేతికంటిన పిండిని గిన్నె అంచుకు రాసి, అత్త వైపు తిరిగింది.

"నమ్మకం ఉండనీ అత్తా. నీళ్లు సమ్మక్కే ఇచ్చిందనుకోనీ, నాకేం ఫికర్ లేదు. కాని మళ్లోసారి అడ్డం పడితే, నువ్వు లేకపోతే? పసుపు రాసి, చెంబుతోని నీళ్లు పోస్తరు."

పోచవ్వ లేచి లోపలికి పోయి, వేయించిన సకినాలను పాత పేపర్లో పొట్లం కట్టి తెచ్చింది. కట్టేటప్పుడు ఒకటి నోట్లో వేసుకున్నట్టుంది, దవడ కదులుతోంది.

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. చీకటి పడకముందే మా ఊరు చేరాలి. మహేశ్వరి నాతో పాటు మెట్లు దిగింది, ఆగకుండా, కింది ఇంటివాళ్లను పలకరించకుండా. కింద నిలబడి పొట్లం నా చేతికిచ్చింది.

"అక్కా, మీ ఊరే గద, జర మా బావ ఇంటికి పోవా? నేను బుధవారం రాను, గురువారం నాకు దవాఖాన ఉన్నదని చెప్పు. ఎప్పుడన్న నాకు మాట పడిపోతే కాళ్ల మీద పడొద్దు, నోట్ల సుక్క నీళ్లు పోయొద్దు, మా అత్తకు ఫోన్ చెయ్యాలె. మా బావకు కోపం జాస్తి. ముందుగాల సకినాలియ్యి. రెండు తిన్నంక కోడికూర ముచ్చట చెప్పు."