కాకి ముట్టని విస్తరి

దయ్యాలూ గాలి సోకడాలూ నేనెప్పుడూ నమ్మలేదు. వేంపల్లెలో మా పుట్టింట్లో ఎవరికి జ్వరం వచ్చినా దిష్టి తీసేవాళ్లు. నేను మాత్రం మందుబిళ్ల మింగి పడుకునేదాన్ని. పెళ్లయి మైదుకూరు పక్కన ఈ నేతగాళ్ల ఊరికి వచ్చాక కూడా మారలేదు. మా అత్త నన్ను మొండిదనేది. అది నాకు తిట్టులా అనిపించేది కాదు. ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు, మా పెరట్లో, వీధిలోవాళ్లంతా చూస్తుండగా జరిగింది.

మా ఆయన సుబ్బరాయుడు నేసిన చీరలు మూటగట్టుకుని మైదుకూరు షావుకారుకు వేసి రావడానికి బైకు మీద పోయాడు. తిరిగి వస్తుంటే టిప్పర్ గుద్దింది. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు, దెబ్బంతా తలకే. కర్నూలు తీసుకుపోయాం. అక్కడి డాక్టర్లు ఒకటికి రెండుసార్లు పరీక్షలు చేసి, మెదడు చనిపోయింది, మిషన్ ఊపిరి పోస్తోంది కాబట్టి గుండె ఆడుతోంది, మనిషి మాత్రం లేడు అన్నారు. లోపలికి పోయి చూస్తే ఛాతీ పైకీ కిందికీ కదులుతోంది.

మా అత్త నా చెయ్యి పట్టి లాగి ఆయన పాదం మీద పెట్టింది. "సూడు, ఎచ్చగా ఉండాడు. పోయినాడంటారేందమ్మా వీళ్లు?" అంది. నిజంగానే వెచ్చగా ఉంది.

అవయవదానం గురించి మాట్లాడటానికి ఒకామె వచ్చింది. మంచి మనిషి. ఇష్టం లేకపోతే వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు అని మెల్లగా చెప్పింది. మరిది ఓబులేసు తల దించుకున్నాడు. అత్త గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. భార్య మాటే ముఖ్యమన్నారు. ఆ వరండాలో నా బదులు ఇంకెవరైనా ఆలోచించి చెబితే బాగుండునని ఎంత కోరుకున్నానో!

మా ఆయన ఎవరికి రక్తం కావాలన్నా మగ్గం గుంటలోంచి లేచి పోయే రకం. టీవీలో ఒకసారి ఇలాంటి వార్త వస్తే, "నాకట్లయితే పనికొచ్చేవన్నీ ఇచ్చేయ్. నోరు మాత్రం ఇయ్యాకు, నీతో కొట్లాడేకి కావల్ల" అని నవ్వాడు. నేను ఆ మాటే పట్టుకుని సరేనన్నాను. గుండె, కాలేయం, మూత్రపిండాలు, కళ్లు ఇచ్చాం. అత్త ఒప్పుకోలేదు. వద్దని కూడా అనలేదు.

చిన్నదినం నాడు ఆయనకిష్టమైన అలసంద వడలు, చెనక్కాయల చట్నీ చేసి, పిండం విస్తట్లో పెట్టి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా తిన్నట్టు, ఇక వాళ్ల దోవన వాళ్లు పోయినట్టు. మా పెరట్లో కాకులకు కరువు లేదు. గిన్నెలు తోముతుంటే చేతికింద మెతుకులు లాక్కుపోతాయి. ఆ రోజు కూడా గోడ నిండా ఉన్నాయి. ఒక్కటి దిగలేదు.

మనవాళ్లు ఇలాంటప్పుడు పోయినవాళ్లకు మాటలిస్తారు. అత్త చేతులు జోడించి, "నీ పెండ్లాన్ని కన్నబిడ్డ మాదిరి సూసుకుంటా, రా నాయనా" అంది. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు, కాకులకు చెప్పింది! అయినా అవి రాలేదు. పెద్దదినం నాడూ అదే తంతు. చివరికి అయ్యవారు దర్భతో కాకిని చేసి విస్తరికి తాకించి అయిందనిపించాడు. ప్రతి నెలా మాసికానికీ అంతే.

ఒక మాసికం రోజు అత్త విస్తరి ముందు చతికిలబడి అందరూ వినేలా అంది. "వాడు పూర్తిగా పోల్యా. కొంచెం కొంచెం యాడో బతికే ఉండాడు. సగం పోయినోనికి పిండం యెట్లా అందుతాది?"

అంతే, వీధికి ఆ మాట చాలింది. మొగుడికి దోవ లేకుండా చేసిందని నన్ను చూసినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. పుట్టింటికి పోదామా అంటే, తప్పు చేసింది కాబట్టే పోయిందంటారు. ఉందామా అంటే, నెల తిరిగేసరికి మళ్లీ ఆ విస్తరి. నాకు ఆ ఇంట్లో గాలి ఆడేది కాదు.

ఆ రోజుల్లోనే కర్నూలు నుంచి అవయవదానం గురించి మాట్లాడినామె ఫోన్ చేసింది. అవయవాలు పెట్టించుకున్నవాళ్ల పేర్లు చెప్పకూడదట. అందరూ బాగున్నారు, మీకు దండాలు చెప్పమన్నారు అంది. సంతోషంతో ఏడ్చాను. ఫోన్ పెట్టేశాక ఒక ఆలోచన వచ్చింది. అత్త చెప్పింది నిజమైతే, కాకి ముట్టడమంటే వాళ్లంతా పోవడమే కదా.

నమ్మనిదాన్ని కదా, పరీక్ష పెడదామనుకున్నాను. పెద్దల అమావాస్యకు ఎప్పుడో పోయిన మా మామకూ పెట్టాలి, మా ఆయనకూ పెట్టాలి. ఒకే కుండలో అన్నం, ఒకే నూనెలో వడలు, పక్కపక్కనే రెండు విస్తళ్లు. కాకులు మామ విస్తరి మీద పడ్డాయి. ఈయనది వదిలేశాయి. అందరూ లోపలికి పోయాక మామ విస్తరి తెచ్చి ఈయన చోట పెట్టాను, ఈయనది అక్కడ పెట్టాను. కాకులు ఇటు వైపు గెంతి మామ విస్తట్లో మిగిలింది తిన్నాయి. చోటు కారణం కాదు, వంట కారణం కాదు. ఎవరికీ చెప్పలేదు.

ఏడాది దగ్గర పడింది. అత్తది పొద్దునా సాయంత్రం దీపం ముందు ఒకటే కోరిక, ఈసారన్నా కాకి ముట్టాలని. వినీ వినీ ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"అత్తా, నీ మాటే నిజమనుకో. కాకి ముట్టల్లంటే ఆయన గుండె, కండ్లు పెట్టుకున్నోళ్లు పోవల్ల. రోజూ దేవున్ని నువ్వడుగుతాండేది అదేనా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ పూట అన్నం తినలేదు. అనవలసింది కాదేమో అని నాకు భయమేసింది.

ఏడాది కర్మ నాడు పెరడంతా జనం. విస్తరి పెట్టి వెనక్కు జరిగామో లేదో, గోడ మీంచి ఒక కాకి దిగింది. గెంతుకుంటూ విస్తరి దాకా వచ్చి తల వంచింది. "వచ్చె, వచ్చె" అన్నారెవరో. ఓబులేసు చేతులు జోడించి ఏడుస్తున్నాడు. నాకు కర్నూలులో మిషన్ కింద ఆడిన ఆ ఛాతీ కళ్లముందు మెదిలింది.

మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని గానీ లేవలేని మా అత్త లేచింది. చీపురు అందుకుని విసిరింది.

"పో! ముట్టద్దు! పో!"

కాకి ఎగిరి గోడెక్కింది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అత్త విస్తరి ముందు కూలబడి, కొడుకు ఎదురుగా కూర్చున్నట్టే అంది.

"నువ్వు ఆన్నే ఉండు నాయనా. వాళ్ల కాన్నే ఉండు. ఆకలైతే ఓర్చుకో."

ఆ కాకి పొద్దు గుంకే దాకా గోడ దిగలేదు, ఎగిరిపోనూ లేదు. అత్తా నేనూ ఒకరి తర్వాత ఒకరం విస్తరి పక్కన కూర్చున్నాం. తర్వాత అన్నం ఆవుకు పెట్టేశాం.

ఏడాది పొడుగునా ఆ ఒక్క విస్తరినే కాకులు ఎందుకు వదిలేశాయో, ఆ రోజే ఎందుకు దిగిందో నాకు తెలియదు. కర్నూలు ఆమె నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఆ రోజు వాళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందా అని అడగవచ్చు. అడగలేకపోతున్నాను. అవునంటే ఆయన ఇంకా దోవ దొరక్క ఉన్నట్టు, కాదంటే ఆయన్ను ఊరికే పస్తు పెట్టినట్టు. ఏదైనా నేను బతకలేను.

మాసికాలు అయిపోయినా అమావాస్య అమావాస్యకూ ఆయనకు విస్తరి వేస్తూనే ఉన్నాం. అత్త వడలు చేస్తుంది. నేను వడ్డిస్తాను. తర్వాత ఇద్దరం చెరోవైపు కూర్చుని, ఆయన నోటికి ఒక్క మెతుకు కూడా అందకుండా కాపలా కాస్తాం.