కాశీలో వదిలేసిన పండు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అరటిపండు పేరు పైకి అనేవాళ్ళం కాదు. కొవ్వూరు దగ్గర ఊరు మాది. గోదావరి లంకల్లో ఎటు చూసినా అరటి తోటలే, అందులో కొంత మాదీ ఉండేది. అయినా గెల ఏదీ పెరటి అరుగు దాటి లోపలికి వచ్చేది కాదు. పేరంటాల్లో తాంబూలంతో వచ్చిన పళ్ళను మా మామ్మ, అంటే మా నాన్న వాళ్ళ అమ్మ, గుమ్మం దగ్గరే వీధి పిల్లలకు పంచేసి చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చేది.

కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో వదిలి రావాలంటారు. చాలామంది తెలివిగా ఏ కాకరకాయనో వదిలేసి పుణ్యం మూటగట్టుకుని వస్తారు. మా మామ్మ అరటిని వదిలేసింది. పండు ఒక్కటే కాదు, కాయ, పువ్వు, చెట్టు లోపలి దూట అన్నీ. దానికి కారణం మా బాబాయి. నేను పుట్టకముందే, ఇంకా మీసాలు రాని వయసులో, జ్వరంతో పోయాడు. పోయే ముందు రోజు ఒక్క చక్కెరకేళి పండు పెట్టమని అడిగాడట. జ్వరంలో అరటిపండు తింటే జలుబు చేస్తుందని మామ్మ పెట్టలేదు. ఆ రోజుల్లో ఏ తల్లయినా అదే చేసేది. ఆ మాట ఎంతమంది చెప్పినా ఆవిడకు ఊరట కలగలేదు. కొడుకు ఆఖరి కోరిక తన నోటితోనే కాదన్నానని జీవితమంతా కుమిలింది.

నాకు పదేళ్ళు వచ్చేసరికి మామ్మకు గుండె దడ మొదలైంది. మధ్యాహ్నాలు నులకమంచం మీద పడుకుని, నా అరచెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకునేది. కాసేపు సరిగ్గా కొట్టుకునేది, ఒక దెబ్బ మానేసేది, ఆ బాకీ తీర్చుకుంటున్నట్టు గబగబా కొట్టేది. గతుకుల రోడ్డు మీద ఎడ్లబండిలా ఉంది కదే అని ఆవిడ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. మానేసిన దెబ్బ దగ్గర నా ఊపిరీ ఆగిపోయేది. చెయ్యి తీసేస్తే మళ్ళీ కొట్టదేమోనని భయపడి, చెమట పట్టినా తీసేదాన్ని కాదు.

తాతయ్య ఆవిణ్ణి వంతెన దాటించి రాజమండ్రిలో గుండె డాక్టరుకు చూపించాడు. సెలవులు కావడంతో నన్నూ వెంట తీసుకెళ్ళారు. కాళ్ళ వాపు తీయడానికి వేసుకుంటున్న మాత్ర ఒంట్లో నీటితోపాటు పొటాషియం అనే లవణాన్ని కూడా బయటికి తోసేస్తుందని, అది తగ్గినప్పుడు గుండె తడబడుతుందని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. పచ్చళ్ళు, ఉప్పు తగ్గించమన్నాడు. రోజూ అరటిపండు తినమన్నాడు. మామ్మ బుద్ధిగా తలూపింది. తాతయ్యా తలూపాడు. అంత చదువుకున్నాయన ముందు కాశీ మాట ఎత్తితే నవ్విపోతాడని ఇద్దరికీ మొహమాటం. నేను నోరు విప్పబోతే తాతయ్య కళ్ళతోనే గదిమాడు. మా వైపు మొహమాటం చంపినంతమందిని ఏ జబ్బూ చంపలేదంటాను నేను.

తాతయ్య తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. డాక్టరు నోట అరటిపండు అని వచ్చింది కాబట్టి అరటే మందు, ఇంకేదీ మందు కాదు. అడిగితే ఆవిడ ఒప్పుకోదని తనకు తానే తీర్మానించుకున్నాడు. పచ్చి అరటికాయలు చెక్కు తీయించి, చక్రాల్లా కోయించి, ఎవరికీ కనబడకుండా పశువుల పాక మీద ఎండబెట్టించి, దంపించి పొడి చేయించాడు. రోజూ పొద్దున్నే మా అమ్మ ఆ పొడిని మామ్మ తాగే రాగి జావలో కలిపేది. అత్తగారిని మోసం చెయ్యలేనని అమ్మ ఏడ్చిందట, కానీ మామగారి మాట కాదనలేకపోయింది. గ్లాసు అందించేది నేను. అది బలానికి వేసే ఆయుర్వేదం పొడి అని మామ్మకూ నాకూ చెప్పారు. ఆవిడలాగే నేనూ నమ్మాను.

పొడి మహిమో, మాత్రల మహిమో నేను చెప్పలేను గాని, కొన్నాళ్ళకు నా అరచేతి కింద గుండె నెమ్మదించింది. ఒక్కోసారి చాలాసేపు ఒక్క దెబ్బా తప్పేది కాదు. అన్నవరం వెళ్ళి కొండ మెట్లెక్కి వస్తానని మామ్మ అంది. తాతయ్య మీసాల కింద నవ్వుకుంటూ తిరిగాడు. ఆ ఇంట్లో నేను చూసిన ఆఖరి సంతోషం అది.

తర్వాత ముసురు పట్టింది. పాకలో దాచిన పొడి చెమ్మగిల్లుతుందని అమ్మ దాని డబ్బాను వంటింట్లోకి తెచ్చి పెట్టింది. పురుగు పట్టిందేమో చూద్దామని మామ్మ మూత తీసింది. లంకల్లో పుట్టి, అరటి చెట్ల మధ్య పెరిగిన మనిషి. వాసన చూసింది. చిటికెడు నాలిక మీద వేసుకుంది. ఆవిడ మొహం పాలిపోవడం నేను పక్కనే ఉండి చూశాను. నీకు తెలుసా అని నన్ను అడిగింది. తెలియదన్నాను. నమ్మింది. పెరటి అరుగు మీద కూర్చుని, తాతయ్య లంకలోంచి వచ్చేదాకా కదల్లేదు.

ఆయన కాళ్ళు కడుక్కుంటుండగా గొంతు పెంచకుండానే అంది. "వాడు అడిగితే నేను పెట్టలేదండి. వాడికి లేనిది నాకెందుకని వదిలేసుకున్నాను. దాన్ని మీరు రోజూ నా నోట్లో పోశారు."

నీ ప్రాణం కోసమే కదా అన్నాడు తాతయ్య. ఆ రోజు నుంచి ఆవిడ ఎవరి చేతి వంటా ముట్టలేదు. వేరే పొయ్యి పెట్టుకుని గుప్పెడు బియ్యం తనే వండుకుని, మజ్జిగ పోసుకుని తినేది. జావ పోయింది, పప్పు పోయింది, కూరలు పోయాయి. మాత్రలూ ఆ చేతుల మీదుగా వచ్చినవే కదా అని అవీ మానేసింది. అమ్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నీ తప్పు లేదులేవే అని తల నిమిరింది గాని, అమ్మ పెట్టింది మాత్రం తినలేదు. అందరం ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. కాళ్ళు మళ్ళీ వాచాయి. ఇప్పుడు నా చేతి కింద వరసా లేదు, లయా లేదు. బుట్ట కింద మూసిన కోడిపిల్లలా గుండె అటూ ఇటూ కొట్టుకునేది. మామ్మ ఇక నవ్వేది కూడా కాదు.

చివరికి తాతయ్య మామ్మనూ నన్నూ మళ్ళీ వంతెన దాటించాడు. ఈసారి కాశీ సంగతి, బాబాయి సంగతి, పొడి సంగతి అన్నీ చెప్పేశాడు. డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టాడు.

"అరటిపండే తినాలని ఎవరన్నారండీ? కొబ్బరినీళ్ళున్నాయి, చిలగడదుంపలున్నాయి, తోటకూర ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ."

అంతటితో అయిపోలేదు. ఆ లవణం తక్కువైతే ఎంత ముప్పో ఎక్కువైనా అంతే ముప్పని, రక్తపరీక్ష చూసుకుంటూ తినాలే తప్ప తనకు తెలియకుండా పొడులు కలిపితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చెప్పాడు. ఆవిడ గుండె ఇప్పటికే బాగా అలిసిపోయిందని కూడా అన్నాడు. మా పెరడంతా కొబ్బరి చెట్లే. ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా ముందు బొండం కొట్టి ఇచ్చే ఇల్లు మాది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు వంతెన ఎక్కగానే తాతయ్య కిటికీ వైపు తిరిగి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అవతలి ఒడ్డు వచ్చేదాకా తియ్యలేదు.

ఆ తర్వాత రోజూ ఆయనే బొండం తెచ్చి మామ్మ ఎదురుగా కొట్టేవాడు. ముందు తన గ్లాసులో కాస్త పోసుకుని తాగి, ఇవి ఉత్త కొబ్బరినీళ్ళే, ఇంకేమీ లేదు అని చెప్పి మిగతావి ఇచ్చేవాడు. జీవితమంతా కలిసి బతికిన మనిషి పెళ్ళానికి అలా రుజువు చూపించుకోవలసి రావడం నేను చూడలేకపోయేదాన్ని. మామ్మ తాగేది. మాత్రలూ మళ్ళీ మొదలుపెట్టింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి.

ఒక మధ్యాహ్నం నా చెయ్యి ఎప్పటిలాగే ఆవిడ గుండెల మీద ఉంది. తాతయ్య మంచం కాళ్ళ దగ్గర కూర్చుని, మొదట్లోనే నిన్ను అడిగి ఉంటే ఆ పండు తినేదానివా అని అడిగాడు. మామ్మ ఆయన వైపు తిరిగింది.

"తినేదాన్నేమోనండి. మీరు అడిగితే నేను ఏనాడు కాదన్నాను?"

తాతయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నా చేతి కింద ఒక దెబ్బ తప్పి, మళ్ళీ కొట్టింది.

కార్తీకం ఇంకా రాకముందే మామ్మ పోయింది. ఆ ఉదయం నా చెయ్యి అక్కడ లేదు, బళ్ళో ఉన్నాను. తాతయ్య ఆ తర్వాత ఒక్కడే కాశీ వెళ్ళి వచ్చాడు. అక్కడ ఏం వదిలి వచ్చాడో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చాలా ఏళ్ళు బతికాడు గాని, కంచంలో మా అమ్మ ఏది వడ్డించినా తలెత్తకుండా తినేవాడు, బాగుందనీ బాగోలేదనీ అనేవాడు కాదు.

ఇప్పుడు నా గుండె కూడా అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పుతోంది. డాక్టరు అడగనివి కూడా అన్నీ చెప్పేస్తాను. ఏం తింటానో, ఏం తిననో, దేవుడికి ఏం మొక్కుకున్నానో. ఆయన నవ్వితే నవ్వనీ. పొద్దున్నే మా అమ్మాయి జావ తెచ్చి, ఇందులో రాగిపిండి, పాలు, సగం అరటిపండు ఉన్నాయమ్మా, తాగుతావా అని అడుగుతుంది. అలా చెప్పి అడగాలని నేను పెట్టిన నియమమే అది. రోజూ చెప్పాలా అని మొదట్లో విసుక్కునేది, ఇప్పుడు అలవాటైంది. తాగుతానని చెప్పి గ్లాసు అందుకుంటాను. మా మామ్మను ఆ ఒక్క మాట ఎవరూ అడగలేదు.