తుఫాను వేళ ఐసు అమ్మని అత్తయ్యగారు

మొన్న బందరులో మా చర్చి సంఘం స్త్రీల కూడిక జరిగింది. బతుకులోనూ వ్యాపారంలోనూ నాకు దారి చూపినవాళ్ళ గురించి రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. ముందు మైకు కూసింది, తర్వాత నేను తడబడ్డాను. నాగాయలంకలో మా అత్తయ్యగారు, గొప్ప ప్రార్థనాపరురాలు అని చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టి టీ ఇచ్చారు. తిరిగొచ్చే బస్సులో మాత్రం, చెప్పకుండా మింగేసిన సంగతి పక్కసీట్లో కూర్చుని నాతోపాటే ఇంటిదాకా వచ్చింది.

అత్తయ్యగారూ అని పిలిచేదాన్నే గాని, ఆవిడ నాకు చుట్టం కాదు. పెడన మగ్గాల చప్పుడు మధ్య పెరిగి నాగాయలంక కోడలిగా వచ్చిన నన్ను, చర్చిలో చూసి, తన ఐసు ఫ్యాక్టరీలో పనికి పిలిచారు. భర్త పోయాక ఫ్యాక్టరీని ఆవిడే నడిపేవారు. పిల్లల్లేరు. పొద్దున్నే మోటారు వెయ్యబోయే ముందు పనివాళ్ళందరినీ నిలబెట్టి ప్రార్థన చేసేవారు. మోటారు పేరు చెప్పి మరీ దేవుణ్ణి అడిగేవారు. ఆమెన్ అన్న మరుక్షణం మెకానిక్కుకి ఫోన్ చేసేవారు. రెండిట్లో ఏది పనిచేసిందో నాకెప్పుడూ తెలియలేదు. అమ్మోనియా ఘాటుకి కళ్ళు మండుతుంటే, ఐసు దిమ్మని వెలుతురుకి ఎదురుగా పెట్టి, అవతలున్న మనిషి కనబడితేనే మంచి ఐసని నేర్పారు. అరిచే బేరగాడి దగ్గర గొంతు తగ్గించడం, చావు జరిగిన ఇంటికి అడక్కుండానే ఐసు పంపడం, అన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

ఒక్క నియమం మాత్రం నాకు మింగుడుపడేది కాదు. తుఫాను హెచ్చరిక వస్తే ఆవిడ ఫ్యాక్టరీ తలుపు మూసి, లోపల కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పట్టిన చేప పాడవకుండా ఉండాలంటే ఐసు కావాలి. ఐసు లేకుండా బోటు కదలదు. గాలివాన ముందు చేప బాగా పడుతుందని ఆశపడి వచ్చేవాళ్ళు తలుపు బాదేవాళ్ళు, బతిమాలేవాళ్ళు, తిట్టేవాళ్ళు. ఆవిడ పలికేవారు కాదు.

ఒక ఏడు ఆవిడ జబ్బుపడి బందరు ఆసుపత్రిలో ఉండగా హెచ్చరిక వచ్చింది. తలుపు మూసి నేనే కూర్చున్నాను. ఊళ్ళో బోట్లన్నీ ఒడ్డునే ఆగిపోయాయి. మర్నాటికి తుఫాను దారి మార్చుకుని ఎటో వెళ్ళిపోయింది. ఎండ కాసింది. రేవులో నన్ను చూసి అందరూ నవ్వారు. పాత ఖాతాదారులు పొరుగూరి ఫ్యాక్టరీకి మళ్ళారు. కోపంతో బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళి, మన పరువు పోయిందండీ, రేవంతా నవ్వుతున్నారు అన్నాను.

ఆవిడ దిండు మీద తల తిప్పి నా వంక చూశారు. "నవ్వుతున్నారా? అయితే బతికున్నారు. దేవునికి స్తోత్రం."

అప్పుడు చెప్పారు. వాళ్ళ నాన్నకి ఊకలో ఐసు దాచి అమ్మే కొట్టుండేది. దివిసీమని ఉప్పెన ముంచడానికి ముందు, ఆకాశం అదోలా ఉన్న పూట, ఆవిడ ఒక్కతే కొట్లో ఉండగా తమ్ముడు తలుపు కొట్టాడట. వాడికి అప్పుడే మీసాలు వస్తున్నాయట. "అక్కా, ఒక్క దిమ్మ ఇవ్వవే, సాయంత్రానికి వచ్చేస్తాను" అన్నాడట. ఇచ్చారు. పడవా దొరకలేదు, వాడూ దొరకలేదు.

"ఇప్పటికీ తుఫాను కబురొస్తే వాడొచ్చి తలుపు కొడతాడమ్మాయ్," అన్నారు. "వింటూ, తీయకుండా కూర్చోవాలి. అదొక్కటి నేర్చుకో. మిగతాదంతా మెకానిక్కు నేర్పుతాడు."

జ్వరంలో మాట అనుకున్నాను. ఆవిడ కోలుకుని ఇంకా కొన్నేళ్ళు బతికారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పోయేముందు ఫ్యాక్టరీ నాకు అప్పగించి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అందులో ముందు వాడి పేరు వచ్చింది, తర్వాతే నాది.

ఆవిణ్ణి సమాధి చేశాక వచ్చిన మొదటి హెచ్చరికకి, మధ్యాహ్నం పూట, తలుపు మూసి ఆవిడ కుర్చీలోనే కూర్చున్నాను. బోట్లవాళ్ళు వచ్చి, తిట్టి వెళ్ళిపోయారు. వాన మొదలైంది. కాసేపటికి తలుపు మీద మళ్ళీ చప్పుడు, మెల్లగా, చనువున్నవాళ్ళు కొట్టినట్టు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో నీళ్ళు తప్ప ఎవరూ లేరు. తర్వాత చెబితే, గాలి అయ్యుంటుందని మా ఆయన అన్నారు. అయ్యుండొచ్చు. కాని గాలికి "అక్కా" అని పిలవడం రాదు. నాకు తమ్ముళ్ళూ లేరు.

లేవలేదు. కళ్ళు మూసుకుని వాడి పేరుతోనే ప్రార్థన మొదలుపెట్టాను. అప్పటినించీ ప్రతి తుఫానుకీ అంతే.

నాకూ జుట్టు నెరిసింది. ఏళ్ళు గడిస్తే అన్నీ పాతబడతాయంటారు. సముద్రం మీదికి వెళ్ళి రానివాళ్ళకి మాత్రం వయసు పెరగదు. వాళ్ళకి అక్కలు మారుతుంటారు, అంతే.