లైసెన్సు మనిషికా, మెషీనుకా

కొత్త సర్వర్‌కి లైసెన్సులు మనుషుల లెక్కన తీసుకోవాలా, మెషీన్ల లెక్కన తీసుకోవాలా అని మా ఓనరుగారు అడిగేనాటికి మా ఆయన పోయి మూడు నెలలు. గుండెపోటు. నేను ఏడవలేదు. ఏడవలేదేంటని చుట్టాలు గుసగుసలాడుకుంటే అదీ వినపడింది, దానికీ ఏమీ అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదే, మనిషి మొత్తం అలా ఉండేదాన్ని. పెద్దకర్మ అయిన కొన్నాళ్లకి మళ్లీ బందరులో రైలెక్కి గుడివాడ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను. సర్వర్ పక్కన నా కుర్చీలో కూర్చున్నంతసేపూ ఎవరి భార్యనో, ఎవరి విధవనో కాకుండా పని తెలిసిన మనిషిగా ఉండేదాన్ని. అలాంటి చోటు నాకు అదొక్కటే మిగిలింది.

మాది రొయ్యల మేత, మందులు అమ్మే వ్యాపారం. గుడివాడలో పెద్ద షాపు, దాని వెనక గోడౌను, కృత్తివెన్నులోనూ అవనిగడ్డలోనూ బ్రాంచీలు. అన్నిచోట్లా కంప్యూటర్లు చూసుకునేది నేనే. కౌంటరు వెనక అద్దాల గది నాది. సీజను మొదట్లో రైతులు సీడు, అంటే చెరువులో వదిలే రొయ్యపిల్లలు, తెచ్చుకోవడానికి వెళ్తూ పొద్దున్నే మా షాపు దగ్గర ఆగుతారు. ఆ రోజుల్లో మొదటి బస్తా బిల్లు కొట్టడానికి ఓనరుగారు నన్నే బయటికి పిలిచేవారు. "నీ చెయ్యి మంచిదమ్మా, నువ్వు కొట్టు" అనేవారు. రైతు ఆ కాగితం కళ్లకద్దుకుని జేబులో పెట్టుకునేవాడు. ఏళ్ల తరబడి అలాగే జరిగింది.

ఇప్పుడూ అదే చెయ్యి. ఎవరూ ఒక్క మాట అనలేదు. పది దాటాక రమ్మన్నారు, గోడౌను గేటు వైపు నుంచి వస్తే ఎండ తగలదన్నారు. శుభమా అని చెరువులో సీడు వేసుకోబోయే రైతుకి పొద్దున్నే నేను ఎదురు రాకూడదు, అంతే సంగతి. ఇంత మర్యాదగా చెప్తే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా తెలియదు. నేను తెచ్చుకోలేదు. గోడౌను గేటు నుంచే వెళ్లాను.

సర్వర్‌ని వాడుకోవడానికి కొనాల్సిన లైసెన్సుల సంగతి ఓనరుగారికి విడమరిచి చెప్పాను. మనిషికి తీసుకుంటే ఆ మనిషి ఎన్ని మెషీన్ల మీద పనిచేసినా ఒక్క లైసెన్సు చాలు. మెషీనుకి తీసుకుంటే దాని ముందు ఎంతమంది మారినా ఒక్కటి చాలు.

"అంటే టికెట్టు మనిషికా, సీటుకా అనేగా?" అన్నారాయన.

"అంతేనండీ. కృత్తివెన్నులో ఒక్క కంప్యూటరు మీద ముగ్గురు మారతారు, అక్కడ మెషీనుకి తీసుకుందాం. మీరు ఫోనూ, ల్యాప్‌టాపూ, ఆఫీసు కంప్యూటరూ మూడూ వాడతారు, మీకు మనిషి లెక్కన."

ఆయన కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి. లైసెన్సులు అమ్మే అబ్బాయిని ఫోన్లోనే ఏడిపించి, తగ్గించాకే ఒప్పుకున్నారు.

ఆ తర్వాత దూరం నుంచి సర్వర్‌ని నడిపే ఏర్పాటు. మామూలుగా ఇంటి నుంచి దాని స్క్రీన్ వరకూ చూడాలంటే పెద్ద ఖర్చు లేదు, బయటివాళ్లు దూరకుండా జాగ్రత్త పడితే చాలు. అది కాక, సర్వర్ లోపలే ఒక చిన్న కార్డు ఉంటుంది. మెషీను ఆపేసి ఉన్నా దాంతో ఎక్కడినుంచైనా ఆన్ చెయ్యొచ్చు, లోపల వేడి ఎంతుందో చూడొచ్చు, సమస్తం చెయ్యొచ్చు. దాని లైసెన్సు విడిగా కొనాలి, ఏటా కట్టాలి. రోజూ నేను వస్తూనే ఉన్నాను కాబట్టి కొనాల్సినవాటి జాబితాలో కార్డు ఎదురుగా 'అవసరం లేదు' అని నేనే రాసి ఇచ్చాను.

ఆయన సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. "ఇది పెట్టించెయ్యమ్మా."

"ఏటా కట్టాలండీ."

"కడదాం. నీకూ సుఖంగా ఉంటుంది. రోజూ ఈ రైళ్లూ, ఈ తిప్పలూ ఎందుకు? ఇంటి దగ్గర్నుంచే చూసుకో. జీతం ఎక్కడికీ పోదు."

బేరం ఆడలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ డబ్బు సర్వర్ కోసం కాదు, నన్ను ఆ గదిలోంచి పంపించడానికి. అర్థమైంది కానీ ఎక్కడా తగల్లేదు. "సరేనండీ" అని ఆర్డరు పెట్టేశాను. సాయంత్రం ఇంటికెళ్లే రైల్లో గుడ్లవల్లేరు దగ్గర కాలేజీ పిల్లలు గోలగోలగా ఎక్కారు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం పొద్దున్న కొత్త సర్వర్‌కి పూజ. నేను బందరులో, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాను. అకౌంట్స్ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, కొబ్బరికాయ కొట్టేశారండీ. ఇంక ఆన్ చెయ్యమంటున్నారు."

నొక్కాను. గుడివాడలో మెషీను లేచింది. కాసేపటికి దాని ముందు భాగం వేడి చూపించే అంకె మెల్లగా పెరిగింది. హారతి ఇస్తున్నారని దాన్నిబట్టి తెలిసింది. ముహూర్తానికి మీట నొక్కింది ఎవరు? నేనే. కంటికి కనపడకపోతే అపశకునం పనిచెయ్యదు కాబోలు. నవ్వొచ్చేదే, రాలేదు.

తర్వాత ఆ అమ్మాయి ఫోటోలు పంపింది. సర్వర్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పక్కనే నా కుర్చీ. కుర్చీలో కొబ్బరిచిప్పలు, అరటిపళ్లు పెట్టిన పళ్లెం. ఏసీ చలికి నేను వేసుకునే నీలం స్వెట్టరు చుట్టచుట్టి కింద అట్టపెట్టె మీద పడేసి ఉంది.

ఏడుపు వచ్చింది. మా ఆయన్ని తీసుకెళ్లిపోతున్నప్పుడు రానిది, పెద్దకర్మ నాడు రానిది, కుర్చీ కోసం వచ్చింది. వెక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ, కుర్చీ కోసమా ఆయన కోసమా అన్నది కూడా తేడా తెలియకుండా పోయింది.

మర్నాడు మొదటి బండికే బయల్దేరాను. షాపు తెరిచే వేళకల్లా ముందువైపు గుమ్మంలోంచే లోపలికి వెళ్లాను. కౌంటరు దగ్గర ఇద్దరు రైతులు ఉన్నారు. ఓనరుగారు నన్ను చూసి, వాళ్లని చూసి, లేచి నిలబడ్డారు.

"అదేంటమ్మా, ఇలా వచ్చావు? అన్నీ ఇంటి దగ్గర్నుంచే అవుతాయన్నావుగా?"

"అన్నీ అవుతాయండీ," అన్నాను. "కూర్చోవడం ఒక్కటే అవ్వట్లేదు."

అద్దాల గదిలోకి వెళ్లి పళ్లెం తీసి తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టాను. వెనక్కి వెళ్లి, స్వెట్టరు దులిపి వేసుకుని, నా కుర్చీలో కూర్చున్నాను.